నలభై ఆరున్నర గంటలు

పోయినవి ముందు రాస్తాను. కాల్చిన మట్టి పలకలు అరవై ఒకటి. పలకకి రెండున్నర కిలోల చొప్పున నూట యాభై రెండున్నర కిలోల మన్ను. అది బిస్సమ్ కటక్ అవతల వాగు గట్టున తవ్వి తెచ్చి, జల్లించి, కాళ్లతో తొక్కి, తడి గోనెల కింద నలభై రోజులు ఉంచిన మన్ను. కట్టెలు ముప్పై నాలుగు మోపులు. పలక మీద బొమ్మ చెక్కడానికి సగటున అయిదు గంటలు, ఆ లెక్కన ఏడుగురు మనుషుల పని మూడు వందల అయిదు గంటలు. నీడన ఆరబెట్టిన పద్దెనిమిది రోజులు. శనివారం అందరం కలిసి తాగే టీ, నాలుగు వారాలు. ఇంకొకటి ఉంది. అంతకుముందు నేనొక అంకె చెప్తే రెండోసారి అడగని మనుషులు ఆ చోట ఎనిమిది మంది ఉండేవారు. ఇప్పుడు ఇద్దరు. అంటే ఆరుగురు పోయారు.

ఇది కోరాపుట్ ఊరి చివర, మట్టి బొమ్మలు చేసే చోట జరిగింది. బయటివాళ్లు దాన్ని స్టూడియో అంటారు. మేం షెడ్డు అంటాం. పైన రేకులు, మూడు పక్కల గోడలు, నాలుగో పక్క పెరడు, పెరట్లో బట్టీ. పనిచేసేవాళ్లు ఏడుగురు, లెక్కలు చూసే నేను, మా అందరి మీదా గురువుగారు.

నేను పుట్టి పెరిగింది రాయగడలో. మా నాన్న మున్సిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేసేవాడు. ఒడియా బడిలో ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పి, ఇటుక బట్టీలో లెక్క పెట్టే పనికి కుదిరాను. గుణకారం ఇటుకల వరసలు చూసి నేర్చుకున్నాను. భిన్నాలు విరిగిన ఇటుకల దగ్గర నేర్చుకున్నాను. చెప్పినవాళ్లు ఎవరూ లేరు కనుక నా పద్ధతులు చూస్తే చదువుకున్నవాళ్లు నవ్వుతారు, కానీ జవాబు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుతారు. గురువుగారు ఒకసారి ఆ ఇటుక బట్టీకి ఏదో పని మీద వచ్చి, నేను నోటితో కూడుతుంటే విని, తన దగ్గరికి రమ్మన్నారు. మన్ను ఆరితే ఎంత కుంచించుకుంటుంది, కాలితే ఎంత, ఎన్ని మోపులు పట్టాలి, బట్టీ ఎన్ని గంటలు మూసి ఉంచాలి, ఇవన్నీ నావి.

గురువుగారిది కోస్తా ఊరు. బడిలో డ్రాయింగు చెప్పడానికి ఈ కొండలకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన బొమ్మలకి చాలా ఊళ్లలో పేరుంది. పనివాళ్లలో ఎవరికి జబ్బు చేసినా మొదట ఆస్పత్రికి పరిగెత్తేది ఆయనే. మంచి మనిషి. ఈ మాట ఇక్కడే రాసేస్తున్నాను, ముందుకు పోయాక రాయడానికి చోటు దొరుకుతుందో లేదో అని.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది, ఆయన పెట్టిందే. పలకలతో బట్టీ నింపాక వాకిలికి ఇటుకలు పేర్చి, పైన తడి మన్ను మెత్తుతాం. నింపినవాళ్లు ఆ మన్ను మధ్యలో ఒక ముద్ద అంటించి దాని మీద బొటనవేలు నొక్కుతారు. బట్టీ వేడికి ఆ ముద్ర గట్టిపడుతుంది. ముద్ర వేసినవాళ్లే వాకిలి తెరవాలి, మరొకరు ముట్టకూడదు. కాల్పు బాగా వస్తే ఆ ముద్ర పెంకును నలిపి మళ్లీ మన్నులో కలిపేస్తాం. పాడైతే గోడకి తగిలిస్తాం. ఒకే మనిషివి మూడు పెంకులు గోడకి ఎక్కితే, ఆ మనిషి ఇంక బట్టీ ముట్టకూడదు, తిరిగి మన్ను తొక్కే పనికి పోవాలి. పనికి పూచీ ఉండాలి అనేవారు గురువుగారు. గోడకి తగిలించడానికి వీలుగా, ముద్ర వేసే రోజునే ముద్ద పైన పుల్లతో బెజ్జం పెట్టేవాళ్లం. అందులో తప్పేముందో నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

అప్పుడు బట్టీ నింపేది ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయి. రాయగడలో మా వీధికి రెండు వీధుల అవతల వాళ్ల ఇల్లు. వాళ్లమ్మది మున్సిపాలిటీలో ఊడ్చే పని. నన్ను బాబాయ్ అంటుంది. ఆరేళ్లు మన్ను తొక్కి, ఆ తర్వాత బట్టీకి వచ్చింది. కోరాపుట్ చలిలో మన్ను తొక్కేవాళ్లకి మడమలు పగిలి నెత్తురొస్తుంది. అయితే ఆమె భయం మడమల గురించి కాదు. బట్టీ ముందు ఆమె మాట చెల్లుతుంది. ఆమె ఊ అంటే తప్ప నిప్పు పెట్టరు, ఊ అంటే తప్ప వాకిలి తియ్యరు. అలా చెల్లే చోటు ఆమెకి మరెక్కడా లేదు. గోడ మీద అప్పటికే ఆమెవి రెండు పెంకులున్నాయి. ఒకటి తడి కట్టెల వల్ల. రెండోది నిజంగా ఆమె తప్పు, ఆ సంగతి ఆమే అందరి ముందూ చెప్పింది.

రాయగడలో ఒక శిక్షణ కేంద్రం కొత్త గోడకి పెద్ద పని వచ్చింది. బొమ్మ, లక్ష్మీపూర్ సంతకి నడిచి పోయే జనం. పన్నెండు వరసలు, వరసకి పదహారు, మొత్తం నూట తొంభై రెండు పలకలు. గురువుగారు కాగితం మీద గీశారు, ఏడుగురూ చెక్కారు. సగం సగం చేసి రెండుసార్లు కాల్చాలి, తొంభై ఆరు చొప్పున. మొదటి తొంభై ఆరూ ఒక్క చీలిక లేకుండా వచ్చాయి. రెండోసారి జనవరిలో పెట్టాం.

మంగళవారం సాయంత్రం అయిదింటికి నిప్పు ఆపి పొయ్యి నోరు మూశాం. చల్లారడానికి నా లెక్క ఇది: మోపుకి రెండు గంటలు, పలక మందానికి పైన నాలుగు. ముప్పై నాలుగు మోపులు కనుక డెబ్బై రెండు గంటలు. పుస్తకంలో రాసి, శుక్రవారం అయిదు అని ఆమెకి చెప్పాను. తను ఒకసారి పలికి చూసుకుని వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం గురువుగారికి ఫోను వచ్చింది. శిక్షణ కేంద్రం పెద్దలు మాచ్‌ఖండ్ ప్రాజెక్టు చూసి తిరిగి వస్తున్నారట, నాలుగింటికి ఇక్కడ ఆగి, పలకలు చూసి రాయగడ పోతారట. పలకలు సిద్ధంగా ఉన్నాయని ఆయన అంతకుముందే వాళ్లకి చెప్పి ఉన్నారు. రెండింటికి పెరట్లోకి వచ్చి, వాకిలి తియ్యమ్మా అన్నారు. ఆమె నా వైపు చూసింది.

"రేపు అయిదుకండి. బాబాయ్ లెక్క."

"లెక్క ఆయనది, బట్టీ నాది," అన్నారు గురువుగారు నవ్వుతూ.

"ముద్ర నాదండి," అంది. తను నవ్వలేదు.

ఆయన కావాలంటే గడ్డపార అందుకుని తెరవగలరు. కానీ పద్ధతి ఆయనదే, పెరట్లో ఏడుగురూ ఉన్నారు. నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. లెక్క ఇంకోసారి చూడవయ్యా, ఎక్కడో ఎక్కువ వేసుకుని ఉంటావు అన్నారు. ఆ చెయ్యి తియ్యలేదు.

నేను మన్ను మోసే గమేళా తిరగేసి, దాని మీద కూర్చుని పుస్తకం తెరిచాను. అప్పటికి నలభై అయిదు గంటలు గడిచాయి. నేనేం చేశానో దాచకుండా రాస్తాను. చివరి ఆరు మోపుల్లో కట్టె కాస్త సన్నం. వాటిని సగం మోపులుగా పట్టాను, ముప్పై నాలుగు ముప్పై ఒకటి అయింది. బయట చలి ఎక్కువ కనుక బట్టీ తొందరగా చల్లారుతుంది అని చెప్పుకుని, మోపుకి రెండు గంటలు తీసి ఒకటిన్నర వేశాను. మందానికి కలిపే నాలుగు గంటలు, ఇవి పల్చటి పలకలు అనుకుని వదిలేశాను. నలభై ఆరున్నర వచ్చింది. బయట చలి ఉన్న రోజున వేడి పలకకి ఒక్కసారిగా గాలి తగిలితే చీలుతుంది, అందుకే చలికాలం ఇంకా ఎక్కువ ఆగాలి. అది నాకు తెలుసు. తెలిసి తిరగేశాను. ఒక అంకెను ఎటు వంచితే ఎంత వంగుతుందో నాలా ఒంటరిగా నేర్చుకున్నవాడికి బాగా తెలుస్తుంది. అంతా కలిపి పన్నెండు నిమిషాలు పట్టింది.

"మూడున్నరకి తియ్యొచ్చు," అన్నాను.

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "ఏటి బాబాయ్, మొన్న డెబ్బై రెండు, ఇయ్యాల నలభై ఆరున్నరా?"

"సన్న కట్టెలమ్మీ. లెక్క తగ్గింది."

"నువ్వే సెప్తన్నావా, ఆయన సెప్పమన్నాడా?"

నేనే చెప్తున్నాను అన్నాను. పుస్తకం అందుకుని చూసింది. డెబ్బై రెండు కొట్టేసి ఉంది, కింద నలభై ఆరున్నర. అంకెలు చదవగలదు, వాటి వెనక ఏం జరిగిందో చదవలేదు. పుస్తకం తిరిగిస్తూ మెల్లిగా అంది.

"మూడోది గోడెక్కితే నాను మళ్లీ మన్నులోకే. ఎరుకే గదా."

ఎరుకే అన్నాను.

సరిగ్గా మూడున్నరకి ఆమె ముద్ర ముద్దని చెక్కుచెదరకుండా ఊడదీసి పక్కన పెట్టి, ఇటుకలు ఒక్కొక్కటే తీసింది. వేడి మొహాన కొట్టింది. ఆ రోజు పొద్దుటి నుంచీ మంచు విడలేదు. తెల్లగా పొగలా ఉన్న గాలి వాకిలిలోంచి లోపలికి పోవడం కళ్లకి కనబడింది. లోపల పలకలు ఎర్రగా, నిండుగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. గురువుగారు నా వీపు తట్టారు.

అప్పుడు లోపల ఎక్కడో టిక్కుమంది.

చిన్న చప్పుడు. గాజు గ్లాసులో వేడి టీ పోసినప్పుడు వచ్చేలాంటిది. కాసేపటికి ఇంకొకటి. ఆమె రెండు చేతులతో ఇటుకలు తిరిగి పేర్చబోయింది. ఇంకొకటి, వెంటనే రెండు. నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలెట్టాను. ముప్పై ఎనిమిది దాకా పెట్టాను, తర్వాత ఒకేసారి నాలుగైదు కలిసి వచ్చి తప్పిపోయింది. చప్పుళ్లు ఇంకా వస్తుండగానే గేటు దగ్గర కారు ఆగింది.

వచ్చినవాళ్లు నలుగురు. గురువుగారు ఎదురెళ్లి తీసుకొచ్చారు. మొహం మామూలుగానే పెట్టుకున్నారు. కాస్త తొందరపడి తెరిచారండీ, నేర్చుకుంటున్న చేతులు, మళ్లీ చేయిస్తాను అన్నారు. ఎవరి పేరూ చెప్పలేదు. తర్వాత, మాట మార్చడానికే అయ్యుండాలి, మా దగ్గర ఒక పద్ధతి ఉందండీ అంటూ పక్కన పెట్టిన ముద్ర పెంకు తీసి చూపించారు. పూచీ ఎవరిదో దీని మీద ఉంటుంది అన్నారు. వాళ్లకి అది చాలా నచ్చింది. అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసుకున్నారు. ఆ ముద్ర వేసిన మనిషి రెండు అడుగుల దూరంలో ఇటుకలు పట్టుకుని నిలబడి ఉంది.

వాళ్లు వెళ్లాక ఆమె పలకలు బయటికి తీసి మూడు కుప్పలు పెట్టింది. నన్ను పిలిచి లెక్కపెట్టమంది. పగిలినవి అరవై ఒకటి. సన్న గీత పడ్డా అతికించి వాడుకోదగ్గవి ఎనిమిది. మంచివి ఇరవై ఏడు. రాయి అంది. రాశాను.

శుక్రవారం సాయంత్రం అయిదు కాగానే ఆమె లేచి, ఖాళీ బట్టీ ముందుకి పోయి నిలబడింది. గోడ గడియారం కేసి చూసి, ఇప్పుడయితే తెరిసేదాన్ని అంది. మాతో కాదు. మాలో అందరికంటే పెద్దవాడు, బిస్సమ్ కటక్ నుంచి వచ్చిన కుమ్మరి తాత, చక్రం తుడుస్తూ నా వైపు చూడకుండా ఒక మాట అన్నాడు. "లెక్కలోడి ఏలికి మట్టంటదు. అదృష్టమంతుడు." ఇద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు, నన్ను వెనకేసుకురాలేదు. ఇంటికెళ్లి పుస్తకంలో ఆ పన్నెండు నిమిషాల లెక్క మళ్లీ మొదటి నుంచి చదివాను.

శనివారం మధ్యాహ్నం టీ ముందు పెంకులు తగిలించే పని ఉంటుంది. అందరం నేల మీద కూర్చున్నాం, గురువుగారు కుర్చీలో. ఆమె తన పెంకు తనే తీసుకొచ్చింది, బెజ్జంలో తీగ కూడా తనే దూర్చింది. మేకు దాకా పోయేలోపు నేను లేచి, ఆగమ్మీ అన్నాను. పుస్తకం తెరిచి పైనుంచి కింది దాకా చదివాను. మోపులు ముప్పై నాలుగు, గంటలు డెబ్బై రెండు. తర్వాత ఆరు మోపులు సగం ఎలా చేశానో, మోపుకి అరగంట ఎలా తీశానో, ఆ నాలుగు గంటలూ ఎందుకు వదిలానో.

గురువుగారు చల్లగా విన్నారు. "అయితే లెక్క తప్పిందంటావు."

"తప్పలేదండి. మొదటిది సరైనదే. రెండోది మీ కోసం వేశాను."

"చూడమన్నాను. తగ్గించమన్నానా?"

లేదండి అన్నాను. అది నిజం. ఆయన తగ్గించమనలేదు. అక్కడితో కూర్చోబోయాను. అప్పుడు తాత అడిగాడు, వాకిలి తియ్యమన్నది ఎవరో ఆ పుస్తకంలో ఉందేటి అని.

ఉంది. నేను ప్రతి మాటకీ గంట వేసి రాసుకుంటాను, ఇటుక బట్టీ నాటి అలవాటు. "గురువారం రెండు గంటలకి గురువుగారు తెరవమన్నారు. ఆమె రేపు అయిదుకి అంది." ఆ రెండు వాక్యాలూ చదివాను. గురువుగారు లేచి, చెప్పులు వేసుకుని, గేటు దాటి వెళ్లిపోయారు. ఆ రోజు టీ పెట్టలేదు. నేను తడి మన్ను ముద్ద ఒకటి తీసుకుని నా బొటనవేలు నొక్కి, బెజ్జం పెట్టి, ఎండబెట్టాను. అది ఇప్పుడు గోడ మీద ఉంది. బట్టీ ఒక్కసారి కూడా నింపని మనిషి ముద్ర అదొక్కటే.

సోమవారం మేం వెళ్లేసరికి గురువుగారు మాకంటే ముందే వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, చెక్కేవాళ్ల వరసలో నేల మీద పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ముందర పచ్చి పలక. తల ఎత్తకుండానే మాట్లాడారు.

"తెరవమన్నది నేను. తప్పు నాది. ఆ అరవై ఒకటీ నా చేత్తో నేనే చేస్తాను. ఇంకెవరూ ముట్టొద్దు." తర్వాత ఆమెతో, "నీ పెంకు నలిపెయ్యమ్మా," అన్నారు.

"అరవై ఒకటీ అయినాక నలుపుతానండి," అంది ఆమె. పెంకుని బట్టీ పక్క గూట్లో పెట్టింది. గోడకి ఎక్కించలేదు, మన్నులోనూ కలపలేదు.

ఆయన చెయ్యి మట్టిలో పడి చాలా ఏళ్లయింది. కాగితం మీద ఒక్క గీతలో మనిషిని నిలబెట్టే చెయ్యి, పలక మీద తడబడింది. మాకు అయిదు గంటలు పట్టేది ఆయనకి పదకొండు పట్టింది. నడుం నొప్పి అని ఒక్కసారీ అనలేదు. తాత ఒక రోజు ఆయన పలకని ఎత్తి వెలుగులో పట్టి, గురువుగారి మనుషులకి మోకాళ్లు లేవండి, సంతకి దొర్లుకుంటూ పోతారేటి అన్నాడు. గురువుగారు పడీపడీ నవ్వారు. అందరం నవ్వాం. అయిదో శనివారం టీ మళ్లీ పెట్టారు. ఆ నాలుగు వారాల్లో ఆయన పంతొమ్మిది పలకలు చేశారు. ఆమె కాల్చింది, నేను డెబ్బై రెండు చెప్పాను, ఆమె రెండుసార్లు అడిగి, మూడోసారి తనే మోపులు లెక్కపెట్టుకుంది. ఒక్కటీ పగల్లేదు.

తర్వాత ఆయనకి ఎక్కడో ప్రదర్శన వచ్చింది. వెళ్లి వచ్చాక మోకాలు వాచింది. తర్వాత ఇంకో ఊరి పని. శిక్షణ కేంద్రం తెరిచే రోజు దగ్గర పడింది. అప్పుడు నేను లెక్క వేసుకెళ్లి ఆయన ముందు పెట్టాను: మిగిలినవి నలభై రెండు, పలకకి అయిదు గంటలు, ఏడుగురు మనుషులు, తలకి ముప్పై గంటలు, నాలుగు రోజుల్లో చెక్కేస్తాం. ఆయన కాగితం చదివి మడత పెట్టి నాకే ఇచ్చారు.

"అందరి ముందూ అన్నాను కదయ్యా. నేనే చెయ్యాలి. మీరు చేస్తే నేను అన్నదానికి అర్థమేముంది?"

ఆయన కళ్లలోకి చూస్తే ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నట్టు ఉంది. అదే ఇబ్బంది. చెయ్యనని ఆయన ఎప్పుడూ అనలేదు. చేస్తానన్న మాట అడ్డంగా నిలబడినంత కాలం మాలో ఎవరమూ ముట్టలేం. చివరికి బొమ్మ లేని నున్నటి పలకలు నలభై రెండు కాల్చి, తాత్కాలికం అని చెప్పి పంపించాం.

అమ్మని చూడ్డానికి రాయగడ వెళ్లినప్పుడల్లా ఆ గోడ దగ్గర ఆగుతాను. గంపలు, కావడ్లు, చంకన కోడి పట్టుకున్న ఆడమనిషి, అందరూ వరసగా నడిచొచ్చి గోడ మధ్యలో నున్నటి మట్టిలోకి వెళ్లిపోతారు. అవతలి పక్క మళ్లీ బయటికొచ్చి సంతకి పోతారు. ఒక చోట మేక తల ఉంది, మేక లేదు. చూసేవాళ్లు అది కావాలని అలా చేశారనుకుంటారు, బాగుంది అంటారు. అక్కడి గార్డు నాతో కూడా అలాగే అన్నాడు.

మూడు చలికాలాలు గడిచాయి. ముద్ర పద్ధతి అలాగే ఉంది, కాకపోతే, కాల్పు చూడకముందే గోడకి సిద్ధం చెయ్యడం ఎందుకని, ముద్దకి బెజ్జం ముందుగా పెట్టడం ఆమె మానిపించింది. షెడ్డు గోడ మీద ఆమె పెంకులు ఇప్పటికీ రెండే. బట్టీ ఆమెదే. గురువుగారు వారానికి రెండు మూడు రోజులు వస్తారు, కుర్చీలో కూర్చుంటారు, వెళ్లేటప్పుడు గూటి వైపు ఒకసారి చూస్తారు. ఆ పంతొమ్మిది చెక్కిన చోట ఆయన పీట అలాగే ఉంది, ఎవరూ జరపరు.

మొన్న కూడా వాకిలి మూసి, బొటనవేలు నొక్కి, చెయ్యి కడుక్కుంటూ గంటలు అడిగింది. చెప్పాను. మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. తర్వాత గూట్లో పెంకు మీద దుమ్ము చీరచెంగుతో తుడిచి, ఎప్పటిలాగే అడిగింది.

"ఇంకెన్ని బాబాయ్?"

"నలభై రెండు," అన్నాను.

ఇది ఒక్కటే ఆమె రెండోసారి అడగదు.